బుట్టకమ్మల పొద

పువ్వులో తేనె ఎర్రగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

తాళ్లరేవులో మా ఇంటి ముందు నూరువరహాల చెట్టుండేది. బడికి పోయేముందు పిల్లలందరం ఆ గుత్తుల మీద పడి, ఒక్కో పువ్వూ తుంపి, కాడ చివర చిన్నగా గిల్లి, లోపలి సన్నటి పోగు లాగి, దాని వెంట జారే చుక్కని నాలిక మీద వేసుకునేవాళ్లం. గంజి నీళ్లంత పలచన, ఆవగింజంత తీపి. ఆ చుక్కకి రంగు లేదు. పూలతేనెకి రంగుండదని ఏ పుస్తకమూ నేర్పలేదు, నాలికే నేర్పింది. అలా నేర్చుకున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? నలభై దాటేదాకా నేనూ అనుమానించలేదు.

మారిషస్ పడమటి తీరంలో, లా గోలెట్ అనే ఊళ్లో, జులై నెల పొద్దున్న, గేటు పక్క పొదలో తలవంచుకుని వేలాడుతున్న ఎర్రటి పువ్వుని వేలితో గడ్డం పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి చూశాను. గిన్నె అడుగున ఒక బొట్టు. పారాణి కలిపిన నీళ్లలా ఎర్రగా, నిక్కుతూ నిలబడి ఉంది. వాన నీళ్లలో రేకుల రంగు దిగిందేమో అనుకున్నా. అంతకు వారం ముందు నుంచీ వాన లేదు. వేలితో తాకితే వేలికి అంటింది. తేనే. ఎర్రటి తేనె.

వంటింట్లో పాలు పొంగిపోయాయి ఆ పూట. పొంగితే పొంగనీ!

ఆ పొదకి శాస్త్రం పెట్టిన పేరు ట్రోకేషియా బూటోనియానా. ఇక్కడి క్రియోల్ మాటలో ‘బుక్ దొరెయ్’. చెవికి పెట్టుకునేది అని అర్థం. ఫ్రెంచి నుంచి అరిగి అరిగి వచ్చిన మాట. చెవికి పెట్టుకునేవి మనకి ఎన్ని లేవు! కమ్మలు, దుద్దులు, లోలాకులు, జూకాలు. ఈ పువ్వుని చూసిన తెలుగువాళ్లెవరైనా ఒక్క క్షణం కూడా తడుముకోరు. బుట్టకమ్మ, అంతే. కిందికి దిగిన ఎర్రటి గంట, దానికి పైన తుప్పు రంగు నూగుతో మెత్తటి రక్షకపత్రాల పట్టు, అది వేలాడే సన్నటి కాడ. ఐదు రేకులూ ఒకదాని అంచు మీద ఒకటి సర్దుకుని, చీర కుచ్చిళ్లలా చుట్టుకుంటాయి. ఎరుపు ఒకే ఎరుపు కాదు. అంచుల్లో పలచబడి, ఈనెల వెంబడి చిక్కబడి, లోపలికి పోయేకొద్దీ పెళ్లికూతురి కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఆకు పైన ముదురు పచ్చ, కింద వెలిసిన వెండి. గాలి వీస్తే పొద పొదంతా ఒక్కసారి తెల్లబోయి, మళ్లీ తేరుకుంటుంది.

దీని కులగోత్రాలు అడిగితే మన పెరట్లోకే దారి తీస్తుంది. మందారం, పత్తి, బెండ, గంగరావి, అందరూ ఒకే పెద్దింటివాళ్లు. ఆ ఇంట్లో పుట్టి, ఎవరికీ కనపడకుండా హిందూ మహాసముద్రంలో నల్లరాతి దీవి మీద కాపురం పెట్టిన పిల్ల ఇది. ఈ ట్రోకేషియాల జాతులు లోకం మొత్తం మీద ఆరే. ఐదు మారిషస్‌వి, ఒకటి పక్కనున్న రియూనియన్‌ది. ఆ ఐదింట్లో పార్విఫ్లోరా అనే ఒకదాన్ని పందొమ్మిదో శతాబ్దం తర్వాత ఎవరూ చూడలేదు. పోయిందనే అనుకున్నారు. 2001లో కోర్ ద గార్డ్ కొండ మీద మళ్లీ కనపడింది! ఆ కబురు మొదటిసారి చదివినప్పుడు, మా ఊళ్లో సముద్రం మీదికి పోయి రాలేదని కర్మ కూడా చేసేసిన మనిషి వీధి మొదట్లో నడిచొస్తుంటే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

పేరులో ఇద్దరు మనుషులున్నారు. ట్రోకేషియా అన్నది ద్యుట్రోషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద. బతికున్న కణాల పొరల్లోంచి నీరు ఎలా ఇంకుతుందో కూర్చుని చూసినాయన. వాన దక్కని కొండ అంచున, రాతి పగుళ్లలోంచి తడి పీల్చుకుని బతికే చెట్టుకి ఆయన పేరు పెట్టారంటే, అది తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో గానీ, భలే కుదిరింది. బూటోనియానా అన్నది లూయీ బూటన్ పేరు. ఈ దీవిలోనే పుట్టిన వృక్షశాస్త్రవేత్త. దీవి అడవులు తరిగిపోతున్నాయని 1830లలోనే రాసినవాడు. ఆయన గోడు ఎవరు విన్నారు? చెరకు కోసం నరికారు, కలప కోసం నరికారు. మంచి స్థితిలో మిగిలిన పాత అడవి ఇవాళ రెండు శాతం లోపే. బూటన్ పేరున్న పొద మాత్రం ఒక కొండ మీద మిగిలింది. ఒకే ఒక్క కొండ.

ఆ కొండ మా వెనక వాకిట్లోంచి కనిపిస్తుంది.

లె మార్న్. దీవి నైరుతి కొసన, సముద్రంలోకి చాచిన నేల మీద 556 మీటర్ల నల్లరాతి దిమ్మ. పొద్దున్న బూడిద రంగు, మధ్యాహ్నం నీలం, సాయంత్రం ఒక్క పావుగంట సేపు రాగి. మార్న్ అంటే ఫ్రెంచివాళ్ల దీవుల భాషలో కొండ అనే. కానీ అదే మాటకి ఫ్రెంచిలో దిగులుగా ఉండేది అనే అర్థం కూడా ఉంది. తోటల్లోంచి పారిపోయిన బానిసలు ఆ కొండ నెత్తిన, గుహల్లో దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే, పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్లు అంచు నుంచి దూకేశారని జనం చెప్పుకుంటారు. జరిగిందా లేదా అని పండితులు తర్కించుకోనీ. ఏటా ఆ తేదీన దీవంతా సెలవు పెట్టుకుని ఆ కొండ వైపు చూస్తుంది. 2008 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

ఆ అంచుల మీదే, మనిషి కాలు నిలవని చోట, ఈ బుట్టకమ్మలు తమంతట తాము పూస్తాయి. 1992 మార్చి 12న మారిషస్ గణతంత్రమైన రోజున దీన్నే జాతీయ పుష్పంగా ఎంచుకున్నారు. గులాబీలున్నాయి, బోగన్‌విలియాలున్నాయి, పాంప్లెమూస్ తోట చెరువులో పళ్లేలంత ఆకుల మహాకలువలున్నాయి. వాటన్నిటినీ కాదని, దేశంలో సగం మంది కొండ మీద కళ్లారా చూసి ఉండని పువ్వుని తలకెత్తుకున్నారు. ఆ ఎంపిక చేసిన చేతులకి నా దణ్ణం.

నేను ఈ దీవికి ఉద్యోగం వల్ల వచ్చాను. నాకంటే నూటయాభై ఏళ్ల ముందు మా ఊరి పక్క రేవు నుంచే వచ్చినవాళ్లున్నారు. కోరంగి నుంచి ఓడెక్కారు కాబట్టి వాళ్లని ఇక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారు. చెరకు పొలాల్లో చెమటోడ్చిన ఆ తెలుగువాళ్ల మునిమనవలు ఇవాళ ఉగాదికి దేశమంతా సెలవు ఇప్పించుకున్నారు, సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడతారు. మా పక్కింటి అవ్వ అలాంటి ఇంటి ఆడపడుచు. ఆవిడకి తెలుగు పాటల్లో వస్తుంది, మాటల్లో రాదు. భజన మొదలుపెడితే ఒక్క అక్షరం తప్పదు. ఆపి ‘అవ్వా, కాఫీ తాగుతావా’ అంటే నవ్వి, క్రియోల్‌లో జవాబు చెబుతుంది. నన్ను ‘మో తిఫి’ అంటుంది, నా కూతురా అని.

మొక్క పెట్టమన్నది ఆవిడే. నా పెరట్లో మందారం చూసి, బాగుంది గానీ ఇది ఎక్కడైనా ఉంటుంది, ఇక్కడిది ఒక్కటైనా పెట్టు అంది. నాకు ముందు మందారం లాంటిదే కావాలనిపించింది. ఇక్కడి సొంత మందారాల్లో మాంద్రినెట్ అనేదొకటుంది. చిన్నగా, చిక్కటి ఎరుపు. మాంద్రినెట్, మందారం! రెండు పేర్లకీ చుట్టరికమేమీ లేదు, చెవికి కలిగిన సంబరం అంతే. అడవిలో అది లె మార్న్ మీదా, కోర్ ద గార్డ్ మీదా మాత్రమే మిగిలింది. పైగా మన పూజ మందారం పక్కనుంటే దానితో సంకరమైపోయి, అసలు జాతే మాసిపోయే ప్రమాదం ఉంది. దేవుడికి రోజూ కోసే నా ముద్దుల మందారం ఇక్కడ ఒకరి వంశానికి ముప్పు అని తెలిసిన రోజున దాని మొహం చూడలేకపోయాను. కొట్టెయ్యనూ లేకపోయాను. అది ఉన్నన్నాళ్లూ మాంద్రినెట్ మా ఇంటికి రాకూడదు.

అలా బుట్టకమ్మ వచ్చింది. స్థానిక మొక్కలు పెంచే నర్సరీలో రెండు తీసుకున్నాను, 2021 చివర్లో. కొండ మీది నుంచి కొమ్మ విరుచుకురావడం నేరం, పాపం రెండూనూ. రెండు మొక్కల్లో ఒకటి నిటారుగా, తల్లి దువ్వి పంపిన బడిపిల్లలా ఉంది. రెండోది నడుం దగ్గర వంకర పోయింది. నర్సరీ అతను దాన్ని ఊరికే ఇచ్చాడు. చక్కటిదాన్ని గేటు పక్కన, వచ్చేపోయేవాళ్లకి కనపడేలా, చుట్టూ పచ్చిక పరిచి పెట్టాను. వంకరదాన్ని వెనక ప్రహరీ మూల, అవ్వ వాళ్ల మొగలి పొదల నీడ ముగిసే చోట పాతి మరిచిపోయాను.

గుంట తవ్వుతుంటే పలుగు మాటిమాటికీ టంగుమంది. నేల తవ్వితే రాయి, రాయి తీస్తే మరో రాయి. దీవంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయే కదా. చెరకు పొలాల మధ్య ఇప్పటికీ ఆ రాళ్ల గుట్టలు మేడంత ఎత్తున నిలబడి ఉంటాయి. ఒక్కో రాయీ చేత్తో ఏరి పోసినవి, ఆ చేతులు ఎవరివో నాకు తెలుసు. రాళ్లన్నీ తీసి, మట్టి మార్చి, ఎరువేసి గోదావరి లంకలా చేద్దామని నా ఆశ. అవ్వ ఆపింది. రాయి తీయకు, ఇది రాతిలో పుట్టిందే అంది. కాబట్టి రాళ్లు అలాగే ఉంచి, సందుల్లో ఆకుమట్టి కూరి, నీళ్లు నిలవకుండా కాస్త మిట్ట చేసి పెట్టాను. వీటికి ఎండ కావాలి, తడి కావాలి, కాని కాళ్ల కింద నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. వేసవిలో వారానికి రెండు బిందెలు పోశాను, చలికాలంలో అదీ లేదు. ఇంత తక్కువ అడిగే చుట్టం మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

ఇక్కడి కాలాలు నాకు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండలూ తుఫాన్లూ, మే నుంచి అక్టోబరు దాకా చలి. మామిడి కాపు డిసెంబరులో వస్తుంది. ఉగాది నాటికి చెట్టు మీద కాయ ఉండదు. పచ్చట్లో పులుపు కోసం తిప్పలు పడాలి. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చిన రాత్రి నేను మంచం మీద కూర్చుని మా కోరంగినే తలుచుకున్నాను. 1839లో ఒక్క ఉప్పెన ఆ రేవుని, ఓడల్ని, వేల ప్రాణాల్ని తీసుకుపోయిందని మా తాత చెప్పేవాడు, తాను చూసినట్టే. తెల్లారి బయటికి వెళ్తే బొప్పాయి నేల కరిచింది, అరటి చీలికలైంది, మందారం సగానికి విరిగింది. గేటు పక్క బుట్టకమ్మ ఆకులు రాల్చి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంది. కొమ్మ ఒక్కటి విరగలేదు. తుఫాన్ల మధ్య కొండ అంచున లక్షల ఏళ్లు కాపురం చేసినదానికి బెలాల్ ఒక లెక్కా! మార్చికల్లా కొత్త చిగురు, ముట్టుకుంటే పిల్లి చెవిలా.

జులైలో మొదటి పువ్వు. ఎర్ర తేనె. పొంగిన పాలు.

ఆ రోజంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న. రేకులు ఎర్రగా ఉన్నాయంటే సరే, దూరం నుంచి పిలవాలి కాబట్టి. తేనెకెందుకు రంగు? చీకట్లో, గిన్నె అడుగున దాచుకున్నదానికి అలంకారం ఎవరు చూడాలని?

ఇది నా ఒక్కదాని ప్రశ్న కాదట. 1998లో ‘నేచర్’ పత్రికలో కొందరు శాస్త్రవేత్తలు మారిషస్ ఎర్రతేనె గురించి రాసి, అది అంతుపట్టని రహస్యంగానే ఉందని శీర్షికలోనే ఒప్పుకున్నారు. శాస్త్రవేత్తలు తెలియదని పేరు పెట్టి మరీ చెప్పడం నాకెంతో నచ్చింది. ఎనిమిదేళ్లకి, 2006లో, డెన్నిస్ హాన్సెన్, ఆయన తోటివాళ్లు జవాబు పట్టుకొచ్చారు. చేత్తో పూలు చేసి, కొన్నింట్లో రంగులేని తేనె, కొన్నింట్లో రంగు తేనె పోసి, ఎదురుగా ఒక అతిథిని వదిలారు. ఆ అతిథి రంగు తేనె వైపే మొగ్గింది.

అతిథి ఎవరనుకున్నారు? తుమ్మెద కాదు, సీతాకోకచిలుక కాదు, తేనెపిట్ట కాదు. బల్లి!

నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. బల్లి అంటే మనకి గోడ మీది పంచాంగం. ఎక్కడ పడితే ఏ ఫలమో పట్టిక వేసుకున్నాం, పడితే తలకి నీళ్లు పోసుకుంటాం, ‘టిక్ టిక్’ అంటే నేల మీద వేలితో కొట్టి నిజమంటాం. కంచి వెళ్లి బంగారు బల్లిని తాకి పాత దోషాలన్నీ తుడిచేసుకొస్తాం. బల్లి గురించి ఇంత శాస్త్రం రాసుకున్న మనం, అది పువ్వు దగ్గరికి తేనె తాగడానికి పోతుందని ఒక్క పాటలోనైనా ఊహించామా? ఇక్కడి పగటి బల్లులు మన ఇంటి బల్లుల్లా తెల్లగా పాలిపోయి, దీపం దగ్గర పురుగులకి కాపు వేసేవి కావు. ఎండలో తిరుగుతాయి. ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద ఎర్రటి చుక్కలు, తోక దగ్గర నీలం. ఒక నెమలిని కరిగించి వేలంత అచ్చులో పోస్తే అలా ఉంటుంది. కంటికి రెప్పలుండవు. నాలిక చాచి కన్నుని తుడుచుకుంటాయి, కళ్లజోడు తుడుచుకున్నంత మామూలుగా. రంగులు బాగా ఆనే ఆ కళ్ల కోసమే ఈ పొద తేనెకి రంగు వేసింది. గిన్నె నిండుగా ఉందని, రమ్మని.

అంటే ఆ ఎరుపు నాకోసం కాదు. దేవుడి కోసమూ కాదు. దీవిలో వేలెడంత జీవికి రాసిన ఉత్తరం అది. దాన్ని నేను మధ్యలో విప్పి చదివాను.

గేటు పక్క నిలబడి ఎదురుచూశాను. ఉత్తరం అందుకునేవాడు రాలేదు.

ఆ చలికాలమంతా పూసింది. పూలు వచ్చినట్టే వచ్చి, తేనె నిండి, ఎండి, రాలిపోయాయి. తేనెటీగలు వచ్చాయి. మీసాల పిగిలిపిట్ట వచ్చింది, మన దేశం నుంచే తెచ్చి వదిలినదే. పువ్వుని పక్క నుంచి చింపి తాగిపోయింది, గుమ్మంలోంచి రాకుండా కన్నం వేసే దొంగలా. చీమలు బారులు తీరాయి. వాటి వెంట పిండినల్లి. చీమలు పిండినల్లిని మేకల్లా కాస్తాయి, దాని ఒంటి తీపి పిండుకుంటాయి. ఇక్కడి అడవుల్లో మరో పొద మీద బయటి నుంచి వచ్చిన చీమలు ఇలాగే కాపు కాసి, బల్లుల్ని పువ్వు దగ్గరికి రానివ్వకుండా కరిచి తరిమేస్తున్నాయని కూడా చదివాను. కుంకుడు నీళ్లు చల్లాను. పిండినల్లి పోయింది గానీ బల్లి రాలేదు. కాయ ఒక్కటి కట్టలేదు. గేటు దగ్గర ఆగి ఫోటోలు తీసుకున్నవాళ్లంతా ఎంత అందం, ఎంత అందం అన్నారు. చుట్టాలు రాని పెళ్లి పందిరిని పొగిడినట్టుంది నాకు.

కోసి దేవుడికి పెట్టేద్దామా అనిపించింది ఒకరోజు. రాలిపోయేదానికేగా. చెయ్యి చాచాను. గోడ అవతల నుంచి అవ్వ ‘పా కాస్ ఫ్లేర్-లా’ అని అరిచింది. ఆ పువ్వు కోయకు అని. క్రియోల్‌లో పువ్వు కోయడానికీ కొమ్మ విరవడానికీ ఒకటే మాట, కాస్. ఆ మాట వింటే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ‘మరి మీరు రోజూ మందారాలు కోస్తారుగా అవ్వా’ అన్నాను కాస్త ఉక్రోషంగా. మందారం రేపు మళ్లీ పూస్తుంది, దీనికి ఇంకా పని అవలేదు అంది.

అవ్వ వెంటనే లోపలికి పోలేదు. వెనక మూల వైపు చెయ్యి చూపించి, అటు చూడలేదా అంది.

వంకర మొక్కని నేను నిజంగానే మరిచిపోయాను. నీళ్లు పోసింది వాన, ఎరువేసింది రాలిన మొగలాకు. అది నడుం వంచి మొగలి పొదలోకి సగం దూరి, నాకంటే పొడుగు పెరిగింది. మొగలి అంటే మనకి పాము, పువ్వు, శివుడి శాపం. ఇక్కడ దాన్ని వాక్వా అంటారు. ఆకులతో బుట్టలు, చాపలు అల్లుతారు, ఒక పట్టణానికే ఆ పేరు. అవ్వ వాళ్ల ప్రహరీ పొడుగునా ఉన్నవి వాళ్ల అత్తగారు బుట్టల కోసం పెట్టినవి. ముళ్ల అంచుల ఆకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, నడిమధ్య గూడులా మడతలు పడి, మడతల్లో వాన నీళ్లు. ఆ పచ్చటి ముళ్లకోటలోంచి, నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఒక పచ్చటి తల బయటికొచ్చింది.

అటూ ఇటూ చూసింది. కన్ను నాకింది. ఆకు మీదికి, ఆకు నుంచి బుట్టకమ్మ కొమ్మ మీదికి, కొమ్మ నుంచి కాడ మీదికి. కాడ ఊగింది. తలకిందులుగా వేలాడి, గంటలోకి మెడదాకా దూరింది. గంట చిన్నగా వణికింది. ఎంతసేపు? నూరువరహాల చుక్క నాలిక మీద కరిగేంత సేపు. బయటికి వచ్చినప్పుడు నెత్తి మీద పుప్పొడి, భోగినాడు పిల్లల తల మీద పోసిన రేగుపళ్లలో పడ్డ పూలరేకులా. అలాగే, తుడుచుకోకుండా, పక్క గంటలోకి.

నేను అప్పటికప్పుడు నేల మీద చతికిలబడ్డాను. చీర మొత్తం మొగలి ముళ్లకి తగులుకుంది.

తర్వాత తెలిసింది, దీని గురించీ హాన్సెన్ వాళ్లు 2007లో రాశారు. ఇదే జాతికి చెల్లెలు, బ్లాక్‌బర్నియానా అనే ట్రోకేషియా, మొగలి పొదలకి దగ్గరగా ఉంటే దాని దగ్గరికి బల్లులు ఎక్కువగా వస్తాయి, కాయలూ ఎక్కువ కాస్తాయి. దూరంగా ఉన్నవి పూస్తాయి గానీ అంతగా పండవు. బల్లికి ఇల్లు మొగలి. గద్ద నుంచి, పిల్లి నుంచి ఆ ముళ్లే కాపు. పచ్చిక మైదానం దాటి గేటు దాకా రమ్మంటే, అది బంగారు గిన్నెలో పోసినా రాదు. పువ్వు ఒక్కటే నాటి నేను తోట వేశాననుకున్నాను. అవ్వ వాళ్ల అత్తగారు బుట్టల కోసం మొగలి నాటి, తెలియకుండానే అడవిని ఆ ముళ్లలో దాచిపెట్టింది.

ఆ వారమే అవ్వ కొడుకు, కారు పెట్టుకోవడానికి ప్రహరీ వెంట చోటు కావాలని మొగలి కొట్టించే ఆలోచనలో ఉన్నాడని తెలిసింది. నేను పోయి ఏమీ వాదించలేదు. ‘తమ్ముడూ, ఒక్కసారి వచ్చి చూడు’ అని పిలిచాను. నా పక్కనే చతికిలబడి ఒక గంట చూశాడు. కారు ఇప్పటికీ వీధిలోనే ఉంది, మా గేటుకి అడ్డంగా. ఏమనగలను?

గేటు పక్క చక్కటి మొక్క చుట్టూ పచ్చిక తీసేశాను. అవ్వ వాళ్ల మొగలి పిలకలు నాలుగు తెచ్చి చుట్టూ నాటాను. పొద కట్టడానికి ఏళ్లు పడుతుంది, కట్టనీ. మా ఇంటి పిల్లిని లోపలే ఉంచడం నేర్చుకున్నాను, అది నేర్చుకోలేదు. కిందటేడు గోడ మీద జానెడు పొడుగు కొత్త బల్లిని చూసి మొదట మురిసిపోయి తర్వాత భయపడ్డాను. మడగాస్కర్ నుంచి ఎవరో పెంచుకోవడానికి తెచ్చి వదిలేసిన పెద్ద జాతి. ఇక్కడి చిన్నవాటిని తినేస్తుంది. ఎంత అందంగా ఉందో! చూపు తిప్పుకోలేని ఆ పచ్చదనాన్ని చూస్తూ, ఇది ఉండకూడదు అనుకోవాల్సి రావడం కష్టమే.

వంకర చెట్టుకి ఆ ఏడు కాయలు కట్టాయి. నూగు కప్పుకున్న చిన్న కాయలు, ముదిరితే ఐదు పలకలుగా విచ్చుకుంటాయి. మొదటి కాయ విచ్చిన రోజు సాయంత్రం అవ్వ వాళ్లింట్లో రామభజన. గింజలు కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లాను. నట్టింట్లో నిలువెత్తు దీపం వెలుగుతోంది. ఆడా మగా చేతులు కలిపి చుట్టూ తిరుగుతున్నారు. తాళం వేగం పెరిగేకొద్దీ నీడలు గోడ మీద పొదలా ఊగాయి. ఆ పాటలో ఒక్క మాటకీ అర్థం తెలియని పిల్లలు కూడా గొంతు చించుకుని పాడుతున్నారు. అర్థం తెలిసిన నేను ఒక్కదాన్నే పాట రాక నోరు కదిపాను.

అయ్యాక అవ్వ పొట్లం విప్పి గింజలు అరచేతిలో పోసుకుంది. దీన్ని మీ భాషలో ఏమంటారు అంది. మీ భాష అన్నందుకు నాకు చివుక్కుమంది. ‘మన భాషలో పేరు లేదవ్వా, నేనైతే బుట్టకమ్మ అంటున్నాను’ అన్నాను. కమ్మ అన్న మాట వినగానే ఆవిడ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. కమ్మలు, కమ్మలు, మా అమ్మ కూడా కమ్మలనేది అంది క్రియోల్‌లో. ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో.

మర్నాడు పొద్దున్న గోడ అవతల పాత నూనె డబ్బాలు వరసగా కనిపించాయి. రాతి పొడి, ఆకుమట్టి, పైన పలచగా ఇసుక. ఒక్కో డబ్బాలో రెండేసి గింజలు. అవ్వ మొగలి నీడలో పీట వేసుకుని కూర్చుని, చెంబుతో కాకుండా వేళ్లతో నీళ్లు చిలకరిస్తోంది. ఆవిడ నెత్తికి మూరెడు పైన, ఎండ పడ్డ మొగలాకు మీద, గడ్డానికి ఎర్రటి మరకతో బల్లి ఒకటి కన్ను నాకుకుంటోంది.

‘అవ్వా, కదలకు’ అన్నాను.

‘నాకు తెలుసులే’ అన్నట్టు చూసి, ఆవిడ మరో డబ్బా వైపు చెయ్యి చాచింది.